విలేకరిగా మొదలై పార్లమెంటుకు వెళ్లాలంటే

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. జర్నలిజంలో చేరి, కొన్నేళ్ల తర్వాత పార్లమెంటు సభ్యుణ్ని కావాలని నా కోరిక. ఇందుకు ఎలా సిద్ధం కావాలి?

జవాబు: మీ కోరిక అసాధ్యమైనదేమీ కాదు. నేషనల్ హెరాల్డ్ పత్రిక తొలి సంపాదకులైన తెలుగువారు కోటంరాజు రామారావు 1952లో రాజ్యసభ సభ్యులయ్యారు. ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకులుగా పేరుపొందిన అరుణ్ శౌరి 1998 నుంచి రెండు విడతలు రాజ్యసభలో ఉన్నారు, కేంద్ర మంత్రిగానూ పనిచేశారు. అయితే వీరిద్దరూ సభలో అడుగుపెట్టేనాటికే పత్రికా రచనలో ఎన్నో ఏళ్లు గడిపినవారన్నది మీరు ముందుగా గమనించాలి.

లోక్‌సభకు 25 ఏళ్లు, రాజ్యసభకు 30 ఏళ్లు నిండాలి. ఫలానా డిగ్రీ ఉండాలన్న నిబంధన లేదు. రాష్ట్రపతి నామినేట్ చేసే 12 స్థానాలు సాహిత్యం, విజ్ఞానశాస్త్రం, కళలు, సామాజిక సేవలలో విశేష అనుభవం ఉన్నవారికి ఉద్దేశించినవి. పాత్రికేయులు కులదీప్ నయ్యర్ 1997లో ఆ మార్గంలోనే వచ్చారు కానీ, దాన్ని నమ్ముకుని ఎవరూ జీవితాన్ని మలచుకోలేరు. మిగిలిన దారులు దాదాపుగా పార్టీల చేతిలోనే ఉంటాయి కనుక, ఫలానా ఏటికి ఎంపీని అవుతానని లెక్క వేసుకోవద్దు.

మీ చేతిలో ఉన్నది పని నేర్చుకోవడం. మొదటి కొన్నేళ్లు జిల్లా స్థాయిలో రెవెన్యూ, వ్యవసాయం, పంచాయతీల వార్తలు రాయండి. తర్వాత శాసనసభ, ఆర్థిక వ్యవహారాల వైపు వెళ్లి బిల్లులు, బడ్జెట్ పద్దులు, ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదికలు, బిల్లులను, శాఖల పద్దులను పరిశీలించే సభ్యుల స్థాయీ సంఘాల నివేదికలు మూలంలోనే చదవడం అలవాటు చేసుకోండి. నేషనల్ హెరాల్డ్ నిర్వహణ చూసిన ఫిరోజ్ గాంధీ, జీవిత బీమా సంస్థ సొమ్ము వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీలలోకి వెళ్లిన వైనాన్ని లోక్‌సభలో లేవనెత్తగా, విచారణ జరిగి 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయవలసి వచ్చింది; అధికార పక్షంలోనే ఉండి ఆయన ఆ పని చేయగలిగారంటే, ఆధారాలను ఓపికగా కూడబెట్టుకోవడమే అందుకు బలం. పార్లమెంటు పనితీరును దగ్గరగా చూడాలనుంటే, యువతను ఎంపీల వద్ద శాసన సహాయకులుగా నియమించే లాంప్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయండి.

ఒక విషయంలో మాత్రం రాజీ వద్దని గట్టిగా చెబుతున్నాను. టికెట్ కోసం ఒక పార్టీతో మాట్లాడడం మొదలుపెట్టిన రోజే విలేకరి ఉద్యోగం వదిలేయండి. ఆ తర్వాత రాసే ప్రతి వార్తా పాఠకుణ్ని మోసగించేదే అవుతుంది. ఆ రోజు జీతం ఆగిపోతుంది కాబట్టి, కనీసం ఏడాది ఇల్లు గడిచే పొదుపు ముందే చేసుకోండి.