ఎండ కాస్తే జింకలు ఎక్కడికి పోతాయి?

ప్రశ్న: మాస్టారూ, మా అల్లుడు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ లైసెన్సు తీసుకుని విల్లంబులతో జింకల వేటకు వెళ్తుంటాడు. ఈసారి అక్టోబరు వచ్చినా ఎండలు తగ్గలేదట. మంచె మీద ఎంతసేపు కూర్చున్నా ఒక్క జింకా రాలేదని, అవి వేరే అడవికి వెళ్లిపోయాయేమోనని ఫోనులో బాధపడ్డాడు. వేడికి జింకలు నిజంగా చోటు మారుస్తాయా? మన ధవళేశ్వరం దగ్గర లంకల్లో ఉండే జింకల సంగతీ ఇంతేనా?
— ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: అవి అక్కడే ఉన్నాయమ్మా. మీ అల్లుడుగారు మంచె దిగి ఇంటికి వెళ్లాక తిరుగుతున్నాయి.

ఆయన వెతికేది తెల్లతోక జింకను. దానికి వేసవిలో పలుచని ఎర్రటి బొచ్చు ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అది రాలిపోయి బూడిదరంగు చలికాలపు బొచ్చు వస్తుంది. పైన పొడవాటి బోలు వెంట్రుకలు, వాటి అడుగున ఉన్నిలాంటి మెత్తటి పొర. మంచులో ప్రాణం కాపాడే ఏర్పాటు అది. ఎండ కాసిందని దాన్ని విప్పి పక్కన పెట్టలేదు కదా! పైగా అది నెమరువేసే జంతువు. మేసిన మేత పొట్టలో పులుస్తున్నంతసేపూ లోపలి నుంచి కూడా వేడి పుడుతుంది. మన గేదె మధ్యాహ్నం మేత మానేసి చెరువులో దిగి పడుకోవడం మీరు రోజూ చూసేదే. ఆ జింక కూడా అంతే, పగలంతా దట్టమైన నీడలో, నీటికి దగ్గరగా కదలకుండా పడుకుంటుంది. ఎలాగూ సంధ్యవేళల్లో తిరిగే జంతువు కాబట్టి, వేడి పెరిగితే ఆ తిరుగుడును ఇంకాస్త చీకట్లోకి జరుపుకుంటుంది. అక్కడి చట్టం ప్రకారం వేట సూర్యోదయానికి అరగంట ముందు మొదలై సూర్యాస్తమయం తరువాత అరగంటకు ముగియాలి. జింక చీకట్లో నడిచినదంతా వేటగాడి లెక్కలోకి రాదు.

ఎదకాలం కూడా వెనక్కి పోయిందని కొందరు అనుకుంటారు. అది సరికాదు. ఆ ప్రాంతంలో జింకల ఎద నవంబరులో ముమ్మరంగా ఉంటుంది. దాన్ని నిర్ణయించేది పగటి పొడవు తగ్గడమే, చలి కాదు. వేడిగా ఉన్న నవంబరులోనూ మగజింకలు ఆడవాటి వెంట పడతాయి, కాకపోతే రాత్రివేళ ఎక్కువగా. ఎండ రోజుల తరువాత చలిగాలి తిరిగిన మొదటి ఉదయం జింకలు బాగా బయటికి వస్తాయని అక్కడి వేటగాళ్లకు గట్టి నమ్మకం. జింకల మెడకు వాటి జాడ తెలిపే పట్టీలు కట్టి చేసిన పరిశీలనలన్నీ దాన్ని ఒకే తీరుగా బలపరచలేదు. అయినా ఆ ఉదయం మంచె ఎక్కితే నష్టం లేదు.

అల్లుడుగారికి నేను చెప్పేది: పొలం అంచు వదిలి, జింకలు పడుకునే నీడకూ నీటికీ మధ్య ఉన్న దారి చూసుకోవాలి. గాలి సంగతి మరీ ముఖ్యం. పొద్దెక్కేకొద్దీ వేడిగాలి వాలు వెంట పైకి లేస్తుంది, సాయంత్రం చల్లబడగానే పల్లానికి జారుతుంది. చెమట పట్టిన మనిషి వాసన ఆ గాలితోనే పోతుంది. బాణం పనికి జింక ఇరవై ముప్పై మీటర్ల దూరానికి రావాలి, వాసన తగిలితే అంత దగ్గరికి ఎందుకు వస్తుంది?

ఇంకొక మాట. ఇది మాత్రం తప్పకుండా ఆయనకు చదివి వినిపించండి. బాణం ఊపిరితిత్తుల్లో దిగితే జింక కొద్దిదూరంలోనే పడిపోతుంది. పొట్టలో దిగితే ఎక్కడో నక్కి పడుకుంటుంది. వెంటనే వెంటపడితే ఇంకా దూరం పోతుంది కనుక గంటల తరబడి ఆగి వెతకాలి. చలిలో అయితే ఆ ఆలస్యానికి మాంసం ఆగుతుంది, ఎండలో ఆగదు. ఆ ప్రాణీ నరకం పడుతుంది, ఆ మాంసమూ ఎవరి నోటికీ అందకుండా పోతుంది. అందుకని వేడి సాయంత్రాల్లో జింక పక్కకు తిరిగి, దగ్గరగా, నిలకడగా నిలబడితే తప్ప బాణం వదలకూడదు. పడిన వెంటనే పేగులు తీసి, లోపల ఐసు పెట్టే ఏర్పాటు ముందే చేసుకోవాలి. అది కుదరని రోజున విల్లు ఇంట్లో ఉంచడమే న్యాయం.

ఇక మన లంకలు. ధవళేశ్వరం దగ్గర ఉన్నవి కృష్ణజింకలు, మన రాష్ట్ర జంతువు. తెల్లతోక జింక కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి, వీటి మెలికల కొమ్ములు జీవితాంతం ఉంటాయి. ఇవి బయలు గడ్డిలో పగలే తిరుగుతాయి. వేడికి మాత్రం ఇవీ తలవంచక తప్పదు. ఒక మే నెల మధ్యాహ్నం పడవలో పోతూ చూశాను: తుమ్మచెట్టు కింద నాలుగైదు పడుకుని ఉన్నాయి. నీడ జరిగినప్పుడల్లా ఒక్కొక్కటే లేచి, రెండడుగులు వేసి, మళ్లీ నీడలోనే కూలబడుతున్నాయి. వేసవి ఒక్కటే కాదు, వీటికి వరదా గండమే. 2022 జులై వరదకు లంకలు మునిగి ఇవి చిక్కుకుపోయాయి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వీటిని వేటాడితే మూడేళ్లకు తగ్గని జైలు. వేట మాట అలా ఉంచి, సెలవుల్లో పిల్లలను తీసుకుని లంకలకు వెళ్లేవాళ్లకు నా విన్నపం ఒక్కటే: మిట్టమధ్యాహ్నం ఫొటోల కోసం వాటిని నీడ నుంచి లేపి పరుగెత్తించకండి, కుక్కలను వెంట తీసుకెళ్లకండి. చూడాలని ఉంటే పొద్దున్నే ఇవతలి గట్టు మీద నిలబడి బైనాక్యులర్స్‌తో చూడండి.