కెమెరా కబుర్లు: ‘ఇంకొక్కసారి’ అనకండి

ప్రశ్న: మేడమ్, నెల్లూరులో డిగ్రీ చదువుతున్నాను. మా ఫ్రెండ్స్ నలుగురు కొండదారుల్లో పరిగెత్తే ట్రెయిల్ రన్నింగ్ ప్రాక్టీసు చేస్తున్నారు. పెంచలకోనలో వాళ్లను తీస్తే ఫోటోలు మసకగా వస్తున్నాయి. స్పష్టంగా వచ్చినవేమో మా కాలేజీ గ్రౌండ్‌లో తీసినట్టే ఉన్నాయి. ఏం చేయాలి?

జవాబు: మసక సంగతి తేలిక తమ్ముడూ. షట్టర్ స్పీడ్, అంటే ఫోటో తీసేటప్పుడు షట్టర్ తెరుచుకుని ఉండే సమయం, సెకనులో వెయ్యో వంతు (1/1000) కంటే ఎక్కువ కానివ్వకు. చెట్ల నీడలో వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచు. ఫోటో కాస్త గరుగ్గా ఉన్నా ఫర్వాలేదు. కదిలే మనిషిని వెంటాడే ఫోకస్ మోడ్ పెట్టుకో. కొన్ని కెమెరాల్లో దాన్ని ఏఎఫ్-సి అంటారు, కొన్నింటిలో ఏఐ సర్వో అంటారు.

నీ రెండో మాటే అసలు ప్రశ్న. నువ్వు జూమ్ లెన్స్‌తో మనిషిని దగ్గరికి లాక్కుని తీస్తున్నావనుకుంటా. అప్పుడు వెనకున్న వెలిగొండలు ఉత్త ఆకుపచ్చ మరకలా మిగిలిపోతాయి. 24 ఎంఎం లాంటి, ఎక్కువ మేర చూపించే వైడ్ లెన్స్ పెట్టి, మనిషిని ఫ్రేములో చిన్నగా ఉంచి చూడు. వాగు, బండరాళ్లు, పైన కొండ అంచు అన్నీ కనపడాలి. చిన్నగా ఉన్న మనిషి రాళ్లలో కలిసిపోకుండా ఎరుపో పసుపో చొక్కా వేసుకోమను. అంతవరకు అడగొచ్చు.

నేనైతే ముందురోజు సాయంత్రం రన్నర్‌తో కలిసి ఆ దారంతా నడుస్తాను. ఏ రాయి మీద కాలు వేస్తారో, ఎక్కడ వేగం తగ్గిస్తారో వాళ్లే చెబుతారు. పొద్దున్నే నేను ముందుగా వెళ్లి అక్కడ కాచుకుని ఉంటాను. వాళ్ల పరుగు వాళ్లది.

ఇలా చేయడం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట అదే వాగులో ఒక కుర్రాడు ఒక బండ మీది నుంచి ఇంకో బండ మీదికి దూకుతుంటే తీశాను. మొదటిసారే ఫోటో బాగా వచ్చింది. అయినా ‘ఇంకొక్కసారి’ అన్నాను. దూకాడు. మళ్లీ అడిగాను. అప్పటికి అతని బూట్లు తడిసిపోయాయి, బండ మీద నీళ్లు చిందాయి. పాచి మీద కాలు జారి మడమ మెలికపడింది. అతని స్నేహితుడూ నేనూ చెరో భుజం పట్టుకుని గుడి దగ్గరికి తీసుకొచ్చేసరికి చీకటి పడింది. ఆరు వారాలు అతనికి పరుగు లేదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అది నాకు ఇంకా బాధ. పెళ్లిళ్లు తీసి తీసి ‘ఇంకోసారి తలంబ్రాలు పోయమ్మా’ అనడం నా నోటికి అలవాటైపోయింది. అక్కడైతే నాలుగు గింజలు ఎక్కువ పడతాయి, అంతే. కొండ మీద అదే నోటితో అడిగాను. రన్నర్ తన ప్రాక్టీసు కోసం పదిసార్లు దూకితే పదిసార్లూ తీసుకో. నీ కోసం మాత్రం దూకమనకు.

ఇంకో మాట. అక్కడి అడవి పెనుశిల నరసింహ అభయారణ్యం. నడిచే దారి వదిలి లోపలికి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోండి.

ప్రశ్న: మాది కావలి. తుమ్మలపెంట బీచ్‌లో మా అన్నయ్య కయాక్ అనే తెడ్డు పడవ నడుపుతాడు. పొద్దున్నే వెళ్లి తీస్తే మనిషి నల్లగా వస్తున్నాడు. కెమెరాలో లోపమా?

జవాబు: కెమెరా బాగానే ఉందమ్మా. మన సముద్రం తూర్పున ఉంది. పొద్దున ఒడ్డున నిలబడితే సూర్యుడు నీకు ఎదురుగా, మీ అన్నయ్యకు వెనకగా ఉంటాడు. ముఖం కావాలంటే సాయంత్రం నాలుగు దాటాక వెళ్లు. అప్పుడు ఎండ నీ వెనక నుంచి వచ్చి అతని మీద పడుతుంది.

నాకైతే ఆ పొద్దుటి నలుపే ఇష్టం. మీ అన్నయ్య తెడ్డు ఎత్తిన క్షణం కోసం చూడు. చేతికీ ఒంటికీ మధ్య వెలుతురు కనపడితే మనిషి ఆకారం తెలుస్తుంది. తెడ్డు నుంచి రాలే చుక్కలు ఎదురెండకు మెరుస్తాయి. లైఫ్ జాకెట్ వేసుకుంటే ఫోటో బాగుండదని నాతో చాలామంది అన్నారు. జాకెట్ లేకపోతే నేను కెమెరా బయటికి తీయను. నువ్వూ తీయకు.

ఉప్పుగాలిలో లెన్స్ మార్చొద్దు. ఇంటికి రాగానే మంచినీళ్లతో తడిపి పిండిన గుడ్డతో కెమెరా పైభాగం తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడువు.

ప్రశ్న: కొండలెక్కేవాళ్లను డ్రోన్‌తో తీయొచ్చా? – ఒంగోలు పాఠకుడు

జవాబు: 2021 డ్రోన్ నియమాల ప్రకారం గ్రీన్ జోన్‌లో (డ్రోన్‌లకు ఆంక్షలు తక్కువగా ఉన్న చోట) 400 అడుగుల ఎత్తు దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. మీరు వెళ్లే చోటు ఏ జోనో ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్‌లోని మ్యాప్‌లో చూసుకోండి. అభయారణ్యాల్లో వద్దు. ఎక్కే మనిషి చెవి దగ్గర ఆ రొద అసలే వద్దు.

ప్రశ్న: ఉదయగిరిలో టీచర్‌ని. మా ఊరి కొండ దగ్గర రాక్ క్లైంబింగ్ చేసే ఒక అమ్మాయిని తీస్తే వీపు, బూట్లే కనిపిస్తున్నాయి. నేను కూడా ఎక్కడం నేర్చుకోవాలా?

జవాబు: నేర్చుకుంటే మంచిదే మాస్టారూ. అమెరికన్ ఫోటోగ్రాఫర్ గాలెన్ రోవెల్ స్వయంగా క్లైంబర్. తోటి క్లైంబర్లతో పాటు ఎక్కుతూ తీసేవారు. ఇప్పటికైతే మీరు నడకదారిన పైకి చేరి, అంచుకు దూరంగా ఒక పక్కన కూర్చోండి. అంచు దగ్గరికి రావాలంటే శిక్షణ ఉన్నవాళ్లతో తాడు కట్టించుకునే రండి. కెమెరాకు విడిగా ఇంకో తాడు కట్టండి. అది జారితే కింద ఉన్న అమ్మాయి తల మీదే పడుతుంది. లెన్స్ మూత కూడా జిప్ ఉన్న జేబులోనే పెట్టుకోండి.

2017 జూన్ 3న అమెరికన్ క్లైంబర్ అలెక్స్ హోనాల్డ్ అమెరికాలోని ఎల్ క్యాపిటన్‌ను తాడు లేకుండా ఎక్కారు. అది సుమారు మూడు వేల అడుగుల బండ. చిత్రీకరించినవాళ్లు ఆయన స్నేహితులే. అయినా అన్నిటికంటే కష్టమైన చోట మనుషులను ఉంచకుండా రిమోట్ కెమెరాలు పెట్టారు, ఎవరి ఉనికీ ఆయన ధ్యాస చెదరగొట్టకూడదని. మన సంగం మండలం బిడ్డ మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. అంత అనుభవం ఉన్న మనిషి కూడా 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు విడిచారు. ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా, రాతి పట్టు మీద వేళ్లు పెట్టిన మనిషిని ‘ఇటు చూడమ్మా’ అని పిలవడానికి నాకు నోరు రాదు.

ఎక్కకముందే ఆ అమ్మాయిని ఒక్కటి అడగండి: ఎక్కడ ఆగి, తర్వాతి పట్టు కోసం పైకి చూస్తుందని. ఆ చోటు మీకు కనపడేలా పైన కూర్చోండి. మీరు పిలవక్కర్లేదు, తనే తలెత్తుతుంది.