తెలుగులో రాస్తూ ఇంటి నుంచే బతకవచ్చా?

ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం మానేసి, తెలుగు బ్లాగు పెట్టుకుని ఇంటి నుంచి నెలకు పాతికవేలు సంపాదించవచ్చా అని రాజమండ్రి నుంచి ఒకరు అడిగారు. పాతికవేలు వస్తాయండి. కాకపోతే బ్లాగు నుంచి రావు. నేను తెనాలిలో ఉంటూ చాలా ఏళ్లుగా రాతపని మీదే ఇల్లు నడుపుతున్నాను. డబ్బు ఎటువైపు నుంచి వస్తుందో, ఎక్కడ ఇరుక్కుంటుందో నాకు తెలిసినంత చెబుతాను.

మన బ్లాగులో ప్రకటనలు వేసి మనకు వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు పేజీలకు అందుబాటులోకి వచ్చింది 2018 డిసెంబర్‌లో. అంతకుముందు లేఖిని అనే సైటులో తెలుగు టైపు చేసి, తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించే కూడలిలో మన టపా (బ్లాగు పోస్టు) కనబడిందా లేదా అని చూసుకునే రోజుల్లో డబ్బు ఊసే లేదు. ఇప్పుడు వస్తుంది కానీ, తెలుగు పేజీ మీద ప్రకటనకు పలికే ధర బాగా తక్కువ. ఖాతాలో 10 డాలర్లు చేరాక అడ్రసు సరిచూడటానికి పోస్టులో పిన్ నంబరు పంపుతారు. 100 డాలర్లు దాటితేనే బ్యాంకులో వేస్తారు. నాకైతే ఆ వంద ఏ నెలకానెల నిండదు. ఉద్యోగాల నోటిఫికేషన్లు, రాశిఫలాలు పెట్టేవాళ్లకు నిండుతుందేమో. ఆ పని చేయాలంటే తెల్లారి లేచేసరికి పక్క సైటువాడు పెట్టేశాడా అని చూసుకుంటూ ఉండాలి. నాకు ఓపిక లేదు.

అయినా బ్లాగు ఉండాలి, పని ఇచ్చేవాళ్లకు చూపించుకోవడానికి. ఆరోగ్య బీమాలో వెయిటింగ్ పీరియడ్ అంటే ఏమిటో మా అత్తయ్యకు చెప్పినట్టు రాసిన టపా ఒకటి చదివి ఒక అనువాద ఏజెన్సీ వాళ్లు నాకు మెయిల్ పెట్టారు. ఇప్పటికీ నాకు ఎక్కువ పని వాళ్లే ఇస్తున్నారు. కవితలు రాసుకోండి, కాదనను, కానీ పని ఇచ్చేవాళ్లు చూసేది మీరు కష్టమైన విషయాన్ని తేలిగ్గా చెప్పగలరా లేదా అన్నదే. సైన్సు టీచరైతే అది మీకు రోజూ చేసే పనే.

ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదానికి మాటకింత అని ఇస్తారు. 40 పైసలకు చేస్తారా అని అడిగినవాళ్లున్నారు, రెండు రూపాయలు ఇచ్చినవాళ్లూ ఉన్నారు. నేను రూపాయికి తగ్గను. ఇక్కడ ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోండి: లెక్క ఇంగ్లిష్ మాటల మీదా, తెలుగు మాటల మీదా అని మొదటి మెయిల్‌లోనే అడగండి. ‘ఇన్ ది హౌస్’ అని ఇంగ్లిష్‌లో మూడు మాటలైతే మనకు ‘ఇంట్లో’ అన్న ఒక్కటే. వెయ్యి ఇంగ్లిష్ మాటలు తెలుగులోకి వచ్చేసరికి నాకు ఏడెనిమిది వందలకు మించవు. తెలుగు లెక్కకు ఒప్పుకుంటే పావు వంతు కూలి అక్కడే పోయినట్టు. జాగ్రత్తగా చేస్తే రోజుకు 1,500 మాటలు అవుతాయి. అంటే రూపాయి లెక్కన మీ పాతికవేలకు 17 రోజుల పని. అయితే ఆ 17 రోజుల పని ప్రతి నెలా దొరకదు. ఒక నెల ఊపిరి సలపదు, ఇంకో నెల ఫోనే మోగదు. పైగా ఈమధ్య మెషిన్ చేసిన అనువాదం పంపి, దిద్దితే చాలు, సగం రేటిస్తాం అంటున్నారు. ఆ తెలుగును దిద్దడం కన్నా కొత్తగా రాసుకోవడమే త్వరగా అవుతుంది. నేను శాంపిల్ పేజీ చూడకుండా ఒప్పుకోను.

పత్రికల మీద ఆశ పెట్టుకోకండి. నవ్య వీక్లీ, విపుల, చతుర లాంటివి కోవిడ్ దెబ్బకు ఆగిపోయాక కథలకు పారితోషికం ఇచ్చే చోట్లు ఇంకా తగ్గాయి.

ఎవరూ పెద్దగా చెప్పని పని ఇంకొకటి ఉంది, నాకు బాగా ఇష్టమైనది. పెద్దవాళ్ల జీవితకథలు రాసిపెట్టడం. రిటైరైన ఇంజనీర్లు, హెడ్మాస్టర్లు, షష్టిపూర్తికి పుస్తకం వేసి బంధువులకు పంచాలనుకునే మిల్లు యజమానులు, అమెరికాలో ఉన్న పిల్లలు ‘నాన్న కథ రాయించండి’ అని డబ్బు పంపే కుటుంబాలు. వాళ్లింటికి వెళ్లి కూర్చుని, ఫోన్లో రికార్డు చేసుకుని, వాళ్ల మాటతీరు పోకుండా రాయాలి. దివిసీమ ఉప్పెన గురించి చెప్పే చోట నేను చెయ్యి పెట్టను, వాళ్లు చెప్పినట్టే ఉంచుతాను. ఆస్తి పంపకాల అధ్యాయం మాత్రం పెద్దకొడుకు చదివాక ఎగిరిపోతుంది, దానికి మానసికంగా సిద్ధంగా ఉండండి. డబ్బు మూడు వాయిదాల్లో తీసుకోండి: మొదలుపెట్టేముందు కొంత, సగం అయ్యాక కొంత, ఫైలు చేతికిచ్చేముందు మిగతాది. విజయవాడలో పుస్తకం పేజీలు కూర్చే డీటీపీ వాళ్లు చాలామంది ఇంకా పాత పద్ధతి అను ఫాంట్లే వాడతారు. మన యూనికోడ్ ఫైలును (ఫోన్లో, నెట్‌లో కనబడే మామూలు తెలుగును) అందులోకి మారిస్తే వత్తులు అటూఇటూ అవుతాయి, మళ్లీ మొత్తం ప్రూఫు చూడాలి. ఆ పనికి విడిగా రేటు చెప్పండి, లేకపోతే ఊరికే చేయించుకుంటారు.

ఇక డబ్బు వసూలు. రాయడం కన్నా టెన్షన్ దీంతోనే. 30 రోజులన్నవాళ్లు 90 రోజులకు ఇవ్వడం మామూలే. పాన్, ఆధార్ ఉంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉచితంగా చేసుకోవచ్చు, దానికి డబ్బడిగే సైట్ల జోలికి పోకండి. అందులో నమోదైన చిన్న సంస్థలకు, ఒప్పందం ఎలా రాసుకున్నా, 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని చట్టం ఉంది. దాటితే వడ్డీ పడుతుంది, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు కూడా చేయొచ్చు. నేను ఇన్‌వాయిస్ కిందే ఉద్యమ్ నంబరు వేస్తాను. ఫిర్యాదు దాకా పోవాల్సిన అవసరం పెద్దగా రాలేదు, ఆ నంబరు చూసే కొందరు త్వరగా పంపుతారు. కంపెనీలు సాధారణంగా 10 శాతం టీడీఎస్, అంటే ముందే కోసుకునే ఆదాయపు పన్ను, పట్టుకుని ఇస్తాయి. ఏటా ఆదాయపు పన్ను రిటర్న్ వేస్తే ఎక్కువ పట్టుకున్నది వెనక్కి వస్తుంది. జీతం స్లిప్పు లేని మనల్ని బ్యాంకు వాళ్లు లోనుకు అడిగేదీ ఆ రిటర్నులే.

రిజిస్ట్రేషన్ ఫీజు కడితే ఇంట్లో కూర్చుని ఫారాలు నింపే పని ఇస్తామనేవాళ్లను నమ్మకండి. తప్పులున్నాయని డబ్బు ఎగ్గొట్టి, పైగా లాయరు నోటీసు అంటూ వాట్సాప్‌లో బెదిరిస్తారు. పని ఇచ్చేవాడు మనకు డబ్బివ్వాలి గానీ మనం వాడికివ్వడమేంటి?

ఇంట్లో ఉన్నాం కదా అని గ్యాస్ బండ దగ్గర్నుంచి ఆడపడుచు గారి ఆధార్ అప్‌డేట్ దాకా మన మీదే పడుతుంది. నేను ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా తలుపు వేసుకుంటాను. మొదట్లో ఎదురింటావిడ నొచ్చుకుంది, తర్వాత అలవాటు పడింది.

స్కూలు ఇప్పుడే మానకండి. చాలా ప్రైవేటు స్కూళ్లు వేసవి సెలవులకు జీతం ఇవ్వవు కాబట్టి, ఎటూ డబ్బు రాని ఆ రెండు నెలలూ దీనికి పెట్టండి. ఈలోగా మీ సబ్జెక్టు మీద నాలుగైదు మంచి టపాలు యూనికోడ్‌లో సిద్ధం చేసుకోండి. స్కూళ్లు తెరిచేనాటికి ఇద్దరు వేర్వేరు క్లయింట్లు చెప్పిన తేదీకి డబ్బు వేసి ఉంటే, అప్పుడు రాజీనామా గురించి ఆలోచించండి. ఒక్కరే ఉంటే మాత్రం ఇంకో ఏడాది పాఠాలు చెప్పుకోండి.