డాలస్‌లో ఉన్న చిన్నాకు: ఏది అమ్మాలి, ఏది తెచ్చుకోవాలి

చి॥ చిన్నాకు,

బాబాయ్ ఆశీస్సులు. మీరంతా క్షేమమని తలుస్తాను.

నువ్వు వాట్సాప్‌లో పంపిన లిస్టు చూశాను. ఆగస్టులో హైదరాబాద్ వచ్చేస్తున్నారు కాబట్టి స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటారు, డీలక్స్ రివర్బ్ ఆంప్, ఆ చిన్న కటానా ఆంప్, యమహా అకౌస్టిక్ గిటారు, సౌండ్ మార్చే పెడల్స్ అన్నీ ఒకేసారి తీసేసి, ఆ డబ్బుతో ఇక్కడ "ఏదైనా మంచి గిటారు" కొనుక్కుంటానని రాశావు. ఆ చివరి మాట చదివాక, ఇది ఫోన్లో తేలే విషయం కాదనిపించి ఉత్తరం మొదలుపెట్టాను.

నా పని నీకు తెలిసిందే. గిటారు మెడ మీది లోహపు అడ్డపట్టీలు, అంటే ఫ్రెట్లు మార్చడం, గిటారు సౌండ్ పెంచే ఆంపులు విప్పి సోల్డరింగ్ చేయడం, మధ్యలో ఒకరి గిటారు ఇంకొకరికి ఇప్పించడం. అమ్మేవాడి మొహమూ చూస్తాను, కొనేవాడి మొహమూ చూస్తాను. కొన్నేళ్ల తర్వాత "అన్నా, ఆ గిటారు ఇప్పుడెవరి దగ్గరుంది?" అని మళ్లీ వచ్చేవాళ్లనీ చూస్తాను. ఆస్పత్రి ఖర్చుకో, చెల్లెలి పెళ్లికో, పిల్లల ఫీజుకో అమ్మినవాళ్లు అలా రావడం తక్కువ. బాధ ఉంటుంది గానీ, ఎందుకు అమ్మారో వాళ్లకి గుర్తుంటుంది. వెతుక్కుంటూ వచ్చేది చాలావరకు ఇంకో వాయిద్యం కొనడానికి ఉన్నది అమ్ముకున్నవాళ్లు. నువ్వు చేయబోతున్నది సరిగ్గా ఆ పని.

మన ఆర్కెస్ట్రాల సంగతి నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు. వినాయక చవితి పందిళ్లు, శ్రీరామ నవమి పందిళ్లు, పెళ్లిళ్లు. ఎలక్ట్రానిక్ కీబోర్డులు వచ్చాక ఒక్క మనిషే వేణువు, వయొలిన్, గిటారు అన్నీ వాయించేస్తుంటే, ఇంతమందికి డబ్బులెందుకని నిర్వాహకులు లెక్కలేసుకున్నారు. చాలామంది గిటారిస్టులు గిటారూ ఆంపూ అమ్మేసి, పైన అప్పు చేసి కీబోర్డులు కొన్నారు. పొట్టకూటి కోసం చేసిన పని, తప్పుపట్టను. కానీ అప్పటి కీబోర్డుల్లో చాలావాటికి ఇప్పుడు విడిభాగాలు కూడా దొరకవు. ఆ గిటార్లు మాత్రం ఇంకా నా బల్ల మీదకి రిపేరుకి వస్తున్నాయి.

ఒకసారి అలాంటివాడు ఒకాయన కీబోర్డు అడాప్టర్ బాగుచేయించుకుందామని వచ్చాడు. బల్ల మీద ఫ్రెట్లు తీసేసిన గిటారొకటి బోర్లా పడి ఉంది. దాన్ని తిప్పి, తల భాగం (హెడ్‌స్టాక్) మీద లావు తీగ చుట్టే మేకు పక్కనున్న నల్లటి మచ్చ మీద వేలు పెట్టాడు. "సిగరెట్టు ఇక్కడే గుచ్చి వాయించేవాణ్ణి" అన్నాడు. తర్వాత వెనక్కి తిప్పి బెల్టు బకిల్ గీతలు చూసుకున్నాడు. ఎంతకిస్తారని అడగమన్నాడు. దాని ఓనరు ఒక కాలేజీ కుర్రాడు, ఎంతకీ ఇవ్వనన్నాడు. రేటు పెంచి మళ్లీ అడిగించాడు. అయినా ఇవ్వలేదు. కుర్రాడిదీ తప్పు కాదు కదా, వాడికీ అదే మొదటి గిటారు.

ఇక నీ లిస్టుకి వస్తాను.

కటానా అక్కడే అమ్మెయ్. రెండో ఆలోచన వద్దు. నీది 120 వోల్టుల ఆంప్, లోపలంతా చిప్పులు. అదే మోడల్ ఇక్కడ 230 వోల్టులకి దొరుకుతుంది. యమహాని కూడా ఎవరైనా నేర్చుకునే పిల్లలుంటే ఇచ్చేసి రా, దాన్ని నువ్వు ముట్టుకుని చాలా కాలమైందని నువ్వే అన్నావు. పెడల్స్ మాత్రం తెచ్చుకో, బరువు లేదు. అవి 9 వోల్టుల మీద నడిచేవి, అడాప్టర్ ఒక్కటే మార్చాలి. అడాప్టర్ మీద 100–240 అని ఉంటే సరే. ఉత్త 120 అని ఉంటే దాన్ని ఇక్కడి సాకెట్లో పెట్టకు, పొగ వస్తుంది.

స్ట్రాట్ సంగతి వేరు. ఫెండర్ 1954 నుంచి స్ట్రాటోకాస్టర్లు చేస్తోంది, అలాంటిది ఎప్పుడైనా కొనుక్కోవచ్చు అనుకుంటున్నావు. కంపెనీ పేరూ మోడలూ ఒకటే కావచ్చు. కానీ చెక్క ముక్క వేరు, తీగల కంపనాన్ని పట్టే పికప్‌లో తీగ చుట్టిన తీరులో తేడా ఉంటుంది, వాల్యూమ్ నాబ్ కింద ఉండే పాట్ విలువ కూడా రాసినదానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఇదంతా కొత్తగా ఉన్నప్పటి మాట. ఆ తర్వాత నువ్వు ఇన్నేళ్లు వాయించావు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు దాని ఫొటోలు దగ్గరగా చూపించావు గుర్తుందా? మొదటి మూడు ఫ్రెట్లలో తీగల కింద గుంటలు పడ్డాయి, నెక్ అంచు బొటనవేలు ఆనేచోట నున్నగా గుండ్రమైపోయింది. మీ నాయనమ్మ రోకలి ఆవిడ చేతికి అమరినట్టు ఇంకెవరి చేతికీ అమరేది కాదు, ఇదీ అంతే. కొత్త గిటారు ఎంత ఖరీదైనదైనా ఆ అంచు దానికి రాదు. మళ్లీ అన్నేళ్లు వాయించాల్సిందే.

ఒక్కోసారి అసలు విషయం గిటారులో ఉన్న లోపంలోనే ఉంటుంది. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బ్యాండ్ పెట్టిన పీటర్ గ్రీన్ దగ్గర 1959 నాటి గిబ్సన్ లెస్ పాల్ ఉండేది. దాని నెక్ పికప్‌లో అయస్కాంతం తిరగబడి ఉంది. రెండు పికప్‌లూ కలిపి వాయిస్తే ఒకదాని ధ్వనిని ఇంకోటి కోసేసి, ముక్కుతో పాడినట్టు ఒక వింత నాదం వచ్చేది. రిపేరుకి నా దగ్గరికి వస్తే నేనూ సరిచేసేవాణ్ణేమో! 1970లో బ్యాండ్ వదిలేశాక ఆయన దాన్ని కుర్రాడైన గ్యారీ మూర్‌కి తక్కువ ధరకే ఇచ్చేశాడు. మూర్ మూడు దశాబ్దాలకు పైగా వాయించి, ఇబ్బందుల్లో పడి 2006లో అమ్మాడు. అది చేతులు మారి 2014లో మెటాలికా గిటారిస్టు కిర్క్ హామెట్ దగ్గరికి చేరింది, ఇప్పటికీ కచేరీల్లో మోగుతోంది. ఆ నాదం కోసం పికప్‌లో అయస్కాంతం కావాలని తిప్పించుకునేవాళ్లు ఈరోజుకీ ఉన్నారు. దగ్గరగా వస్తుంది, అంతే.

అమ్మితే ఏడుపే అని నేననడం లేదు. పింక్ ఫ్లాయిడ్ డేవిడ్ గిల్మోర్ 2019లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో వంద దాటిన తన గిటార్లను అమ్మేశాడు. ఆ నల్ల స్ట్రాట్ ఒక్కటే 39.75 లక్షల డాలర్లు పలికింది, మొత్తం 2 కోట్ల డాలర్లు దాటింది. పర్యావరణం కోసం కోర్టుల్లో పోరాడే ఒక సంస్థకి ఆ డబ్బంతా ఇచ్చేశాడు. ఎందుకు అమ్ముతున్నాడో ముందే తేల్చుకుని అమ్మినవాడు ఆయన. నువ్వు రాసిన కారణం, "ఏదైనా మంచి గిటారు" అనేది, అంత తేలిన కారణంలా నాకు కనిపించలేదు.

ఇంకో రకం ఏడుపు ఉంది, దాన్ని మాత్రం పట్టించుకోకు. "అప్పుడు అంతకే ఇచ్చేశాను, ఇప్పుడు దాని రేటు చూడు" అనేది. 1958–60 మధ్య వచ్చిన సన్‌బర్స్ట్ లెస్ పాల్ గిటార్లు ఇప్పుడు లక్షల డాలర్లు పలుకుతున్నాయి. కానీ ఆ రోజుల్లో అవి సరిగ్గా అమ్ముడుపోవడం లేదని గిబ్సనే ఆ డిజైన్ ఆపేసింది. చేసినవాళ్లకే తెలియని రేటు అమ్మినవాళ్లకి ఎలా తెలుస్తుంది? అది స్థలాలు అమ్ముకున్నవాళ్ల బాధ. వాయించేవాళ్ల బాధ అది కాదు.

ఇక డీలక్స్ రివర్బ్. నన్నడిగితే నీ లిస్టులో తేల్చడానికి కష్టమైంది ఇదే. వాయించేవాళ్లు గిటారునైతే గుండెకి హత్తుకుంటారు గానీ ఆంప్‌ని సామానులా చూస్తారు. బరువు కాబట్టి ఇల్లు మారేటప్పుడు ముందు పోయేది అదే. తర్వాత అదే గిటారు ఇంకో ఆంప్‌కి పెట్టి "ఏంటి, ఆ సౌండ్ రావడం లేదు" అంటారు. సౌండులో సగం స్పీకరూ, లోపలి గాజు వాల్వులే. స్పీకరు కాగితం కూడా ఏళ్ల తరబడి మోగి మోగి మెత్తబడుతుంది.

నీది 1960ల నాటి అసలు ఆంప్ అయ్యుంటే ఇంత రాసేవాణ్ణి కాదు, అమ్మొద్దని ఒక్క ముక్క చెప్పి ఊరుకునేవాణ్ణి. నీది 1993 నుంచి ఫెండర్ మళ్లీ చేస్తున్న రీఇష్యూ, ఇప్పటికీ ఫ్యాక్టరీలో తయారవుతోంది. కాబట్టి ఇది మళ్లీ దొరికే వస్తువే. అయినా తెచ్చుకోమనే అంటాను, ఎందుకంటే ఇక్కడ అదే ఆంప్ కొనాలంటే దిగుమతి ఖర్చులన్నీ కలిపి నీకు గూబ గుయ్యిమంటుంది. అక్కడ సెకండ్ హ్యాండ్‌లో నీకొచ్చే డబ్బు దానికి ఏ మూలకీ చాలదు. బరువు దాదాపు 19 కిలోలు, 23 కిలోల చెకిన్ బ్యాగేజీలో సరిపోతుంది.

తెచ్చే పద్ధతి చెప్తా, జాగ్రత్తగా విను. వాల్వులన్నీ పీకి, ఏది ఏ సాకెట్‌దో పేపరు మీద రాసుకుని, ఒక్కోదాన్ని విడిగా చుట్టి చేతి సంచిలో పెట్టుకో. స్పీకరు ముందు గుడ్డకి దన్నుగా మందపాటి అట్ట పెట్టు. లోపలి సర్క్యూట్ ఉండే ఇనుప పెట్టె (ఛాసిస్) మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది. వాల్వు రేడియోలు బాగుచేసిన మా తరానికి ఆ భయం ఒంటబట్టింది, మీకు లేదు.

ఇక్కడికొచ్చాక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్ పెట్టకు. ఆంప్ వెనక రాసిన వాట్ల కన్నా కనీసం రెట్టింపు మోసేది తీసుకోవాలి. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50 కాబట్టి ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. గోడకి ఆనించి పెట్టకు, వెనక గాలి ఆడనీ. మన ఇళ్లలో చాలాచోట్ల ఎర్త్ పేరుకే ఉంటుంది, ముందు అది చెక్ చేయిద్దాం. హమ్మని గుయ్యిమనే మోత వస్తోందని ప్లగ్‌లో ఎర్త్‌కి ఉండే మూడో పిన్ను తీసేయమని ఎవడైనా సలహా ఇస్తే వినకు. 22 వాట్లే కదా అని కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో వాల్యూమ్ సగానికి పెంచావంటే అసోసియేషన్ గ్రూపులో నీ పేరు మోగిపోతుంది, అదీ గుర్తుపెట్టుకో.

స్ట్రాట్‌కి పెద్ద పెట్టె కూడా అక్కర్లేదు. తీగలు వదులు చేసి తీసేసి, వెనక నాలుగు స్క్రూలు విప్పితే నెక్ విడిగా వచ్చేస్తుంది. బట్టల మధ్య పెట్టి సూట్‌కేసులోనే తెచ్చుకోవచ్చు. స్క్రూలు ఏ రంధ్రంవి ఆ వరసలోనే కాగితానికి గుచ్చి పెట్టు. ఫింగర్‌బోర్డు రోజ్‌వుడ్ అని భయపడకు. అమెరికా కంపెనీలు ఎన్నో ఏళ్లుగా మన దేశపు రోజ్‌వుడ్ వాడుతున్నాయి, మన అడవుల్లో జిట్రేగి అనే చెట్టు అదే. ఆ జాతి మొత్తం మీద 2017లో అంతర్జాతీయ ఆంక్షలు పెట్టారు గానీ, తయారైన వాయిద్యాలకి 2019 చివర్లో మినహాయింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి మాత్రం ఆ మినహాయింపు లేదు, నీదేమో అది కాదు. కొన్న రసీదు ఉంటే దగ్గర పెట్టుకో. వచ్చాక కొన్ని వారాలు ఇక్కడి గాలికి అలవాటు పడనిచ్చి, అప్పుడు నా దగ్గరికి తీసుకురా, నెక్ సరిచేస్తాను. దిగీ దిగగానే నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీని, ఆ ట్రస్ రాడ్‌ని, నువ్వే తిప్పకు.

ఇంత చెప్పినా, డబ్బు నిజంగానే అవసరమై స్ట్రాట్ అమ్మాలనుకుంటే అమ్ము. ఇల్లు ముందు, గిటారు తర్వాత. కోడలితో కూర్చుని లెక్క చూసుకుని అమ్మితే నేను ఒక్క మాట అనను. కాకపోతే అన్నీ కలిపి గంపగుత్తగా తీసుకుంటానని వచ్చేవాడికి ఇవ్వకు. వాడు వాయించడు, విడగొట్టి అమ్ముకుంటాడు. వాయించే స్నేహితుడికివ్వు, పది డాలర్లు తక్కువైనా సరే. ఎప్పుడైనా అమ్మాలనుకుంటే ముందు నిన్నే అడగాలని మాట తీసుకో.

ఇచ్చే ముందు సీరియల్ నంబరు, చెక్క గీతలు, మచ్చలు, గీరుకుపోయిన చోట్లు దగ్గరగా ఫొటోలు తీసి పెట్టుకో. కెనడా గిటారిస్టు రాండీ బాక్‌మన్ నారింజ రంగు గ్రెచ్ గిటారు 1976లో టొరంటో హోటల్లో దొంగతనానికి గురైంది. అది 1957 మోడల్. కుర్రతనంలో కూడబెట్టుకున్న డబ్బుతో కొన్నది. అది జపాన్‌లో ఒక సంగీతకారుడి దగ్గరుందని 2020లో ఒక అభిమాని ఇంటర్నెట్‌లో పట్టుకున్నాడు. పాత వీడియోల్లో కనిపించిన చెక్క మీది చిన్న మచ్చే ఆనవాలు. అదే ఏడాది తయారైన అలాంటి గిటారే ఇంకోటి వెతికి తీసుకెళ్లి ఇచ్చి, 2022లో టోక్యోలో తనది తాను వెనక్కి తెచ్చుకున్నాడు. ఆ మచ్చ ఎవరూ చూసి ఉండకపోతే అది జపాన్‌లోనే ఉండిపోయేది.

ట్రాన్స్‌ఫార్మర్ మాట మర్చిపోకు. ఆంప్ వెనక వోల్టులూ వాట్లూ రాసి ఉండే చోట ఫొటో తీసి ఈ వారంలోనే పంపు. కోఠి గుజరాతీ గల్లీలో వెతుకుతాను, దొరక్కపోతే చుట్టించాలి, దానికి కాస్త టైం పడుతుంది. పాపకి ముద్దులు.

మీ బాబాయ్