విశాఖలో ఈసీసీ83 వాల్వు దొరకడం లేదు, బదులు ఏం పెట్టొచ్చు?

మీ తాతగారు కట్టుకున్న గ్రామఫోన్ ప్రీయాంప్‌లో (బలహీనమైన సిగ్నల్‌ని పెంచి ఆంప్లిఫైయరుకి ఇచ్చే సెట్టు) మైకుకి ఒక ఈఎఫ్86 వాల్వు, పికప్‌కీ (రికార్డు మీద నడిచే సూది భాగం) టోన్‌కీ రెండు ఈసీసీ83లు ఉన్నాయన్నారు. పికప్ వైపు ఈసీసీ83 గరగరమంటోందని డాబాగార్డెన్స్‌లో అడిగితే ఒకాయన రష్యా 6ఎన్2పి పెట్టమన్నాడు, ఇంకొకాయన ఈసీసీ82 పెట్టమన్నాడు. రెండూ పెట్టకండి, కనీసం సెట్టు తిరగేసి చూసేదాకా. మొదటిది మీ వైరింగ్‌ని బట్టి అసలు వెలగకపోవచ్చు, లేదా కాలిపోవచ్చు. రెండోది వెలుగుతుంది, పాటా వస్తుంది, కాకపోతే ఆ పాట వినలేరు.

"అన్నీ తొమ్మిది కాళ్ళే కదండీ బాబూ, ఏదైనా కూర్చుంటుంది" అని నాతోనూ అన్నారు ఒక షాపులో. కూర్చోవడం నిజమే. చూడాల్సింది 4, 5, 9 పిన్నులు. ఈసీసీ83 ఫిలమెంటు (వాల్వుని వేడిచేసే తీగ) రెండు సగాలుగా ఉంటుంది. 4కీ 5కీ మధ్య 12.6 వోల్టులు ఇస్తే 150 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. 4, 5 కలిపేసి, వాటికీ 9కీ మధ్య 6.3 వోల్టులు ఇస్తే 300 మిల్లీఆంపియర్లు. 6ఎన్2పికి ఈ సౌకర్యం లేదు. దాని ఫిలమెంటు 4, 5 మధ్య 6.3 వోల్టులకే, కరెంటు 340 మిల్లీఆంపియర్ల దాకా. 9వ పిన్ను లోపలి షీల్డుకి పోతుంది. కాబట్టి మీ బేసులో (వాల్వు కూర్చునే సాకెట్టులో) 4, 5 కలిపి ఉంటే 6ఎన్2పి చల్లగా అలాగే ఉంటుంది. 12.6 వోల్టుల వైరింగ్ అయితే రెట్టింపు వోల్టేజి పడి ఫిలమెంటు ఎగిరిపోతుంది.

అలాగని 6ఎన్2పి చెడ్డదని కాదు. మిగతా పిన్నులన్నీ ఈసీసీ83 లాగే ఉంటాయి, గెయినూ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) దాదాపు అంతే. సెట్టు ట్రాన్స్‌ఫార్మర్‌లో 6.3 వోల్టుల వైండింగ్ ఉంటే 4, 5 విడదీసి, చెరొక వైరూ ఇచ్చి, 9ని గ్రౌండు చేస్తే హాయిగా పనిచేస్తుంది. కానీ ఆ బేసులో మళ్ళీ ఎవరైనా ఈసీసీ83 పెట్టాలంటే వైరింగ్ మార్చాలి. తాతగారి చేతి టంకం కదపడం మీకు ఇష్టమో కాదో మీరే చూసుకోండి. నేనైతే కదపను.

ఇక ఈసీసీ82. ఫిలమెంటు, పిన్నులు అచ్చం ఈసీసీ83వే, అందుకే షాపువాళ్ళు ధైర్యంగా చేతిలో పెడతారు. తేడా గెయిన్ దగ్గర. ఈసీసీ83 ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 100, దీనిది 20 లోపే. ప్లేటుకి 100 కిలో ఓమ్‌లు, కేథోడుకి 1.5 కిలో ఓమ్‌లు ఉన్న మామూలు సర్క్యూట్లో ఈసీసీ83 ఒక సగం 60 రెట్ల దాకా పెంచితే, ఇది 14 చుట్టుపక్కల ఆగిపోతుంది. వాల్యూమ్ తగ్గడం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. పికప్ స్టేజిలో అలా కుదరదు. ఎల్పీ రికార్డుల్లో బేస్ (మంద్ర స్వరాలు) తగ్గించి, ట్రెబుల్ (పై స్వరాలు) పెంచి కోస్తారు. ప్రీయాంప్ దాన్ని తిరగదిప్పాలి. 20 హెర్ట్జ్‌కీ 20 కిలోహెర్ట్జ్‌కీ మధ్య దాదాపు 40 డెసిబెల్స్, అంటే వంద రెట్ల తేడా. అప్పటి సర్క్యూట్లు చాలావరకు ఈ పనిని నెగెటివ్ ఫీడ్‌బ్యాక్‌తో, అంటే బయటికొచ్చే సిగ్నల్లో కొంత వెనక్కి తెచ్చి లోపలికి వచ్చేదాన్ని తగ్గించి, చేయిస్తాయి. ఫీడ్‌బ్యాక్ పనిచెయ్యాలంటే చేతిలో గెయిన్ మిగిలి ఉండాలి. ఈసీసీ82 దగ్గర అది లేదు కాబట్టి ముందు పోయేది పాటలోని మంద్ర స్వరాలే. ఘంటసాల గొంతు డబ్బా రేడియోలో విన్నట్టు ఉంటుంది.

ఏ సర్దుబాటూ లేకుండా పెట్టగలిగేవి ఇవి: 12ఏఎక్స్7, 7025, సీవీ4004, బీ339. ఇవన్నీ ఈసీసీ83కే వేర్వేరు పేర్లు. సీవీతో మొదలయ్యేవి బ్రిటిష్ మిలిటరీ నంబర్లు, సీవీ4004 కనిపిస్తే వదలొద్దు. ఇవేవీ దొరక్కపోతే 5751. దాని ఫ్యాక్టర్ 70, ఫిలమెంటు కరెంటు కాస్త ఎక్కువ (6.3 వోల్టుల దగ్గర 350 మిల్లీఆంపియర్లు), సొంతంగా చేసే రొద తక్కువ. నా సెట్లో టోన్ స్టేజిలో ఇప్పుడు ఉన్నది అదే. ఈసీసీ88, ఈసీసీ85 అని ఎవరైనా అంటే వద్దనండి, 6ఎన్2పికి చెప్పిన ఫిలమెంటు గొడవే వాటికీ ఉంది. పాత టీవీల్లోంచి తీసిన పీసీసీ, పీసీఎఫ్ వాల్వులు అసలు ముట్టుకోవద్దు. మొదటి అక్షరం ఈ అయితే 6.3 వోల్టుల ఫిలమెంటు, పీ అయితే 300 మిల్లీఆంపియర్ల సిరీస్ ఫిలమెంటు. ఆ ఒక్క అక్షరం చూసుకున్నా సగం ప్రమాదం తప్పుతుంది.

ఎక్కడ దొరుకుతాయంటే, ఎలక్ట్రానిక్ షాపుల్లో కాదు. పాత మైకుసెట్ల వాళ్ళని అడగండి. పెళ్ళిళ్ళకీ, వినాయక చవితి పందిళ్ళకీ అద్దెకిచ్చిన వాల్వు ఆంప్లిఫైయర్లలో మైకు స్టేజికి ఈసీసీ83, ఈఎఫ్86 బాగా వాడేవారు. ట్రాన్సిస్టర్ సెట్లు వచ్చాక అవన్నీ అటకెక్కాయి. కంచరపాలెంలో ఒక మైకుసెట్టు ముసలాయన రేకు డబ్బా నిండా వాల్వులు పోసి నా ముందు పెట్టాడు. అందులో బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్ళ ఈసీసీ83 ఒకటి, గాజు మీద అక్షరాలు సగం చెరిగిపోయి కనిపించింది. నోటితో ఆవిరి ఊది వెలుతురుకి పెడితే నంబరు తేలింది. అలా ఊది చూడండి, చేత్తో మాత్రం తుడవకండి, ఉన్న అక్షరాలూ పోతాయి. గాజు లోపల పైన వెండిలా మెరిసే పూత ఉందో లేదో చూడండి. తెల్లగా పాలిపోయి ఉంటే లోపలికి గాలి పోయినట్టే. పాత స్పూల్ టేప్‌రికార్డర్లలోనూ ఈసీసీ83, ఈఎఫ్86 దొరకొచ్చు. మామూలు రేడియోల్లో వెతకడం దండగ. కొత్తవి కావాలంటే స్లొవేకియా జేజే వాళ్ళు ఈసీసీ83 ఇప్పటికీ చేస్తున్నారు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు.

అసలు మీ వాల్వు పోయిందని ఎలా తేల్చారు? గరగర ఒక్కటే కారణమైతే నాకు అనుమానమే. మీరుండేది పెదవాల్తేరు అన్నారు. సముద్రపు గాలికి మన ఊళ్ళో ముందు చెడేది వాల్వు కాదు, బేసు. మా మావయ్య సెట్టు లాసన్స్‌బేలో కిటికీ పక్కన ఉండేది. వాల్వు లాగి చూస్తే పిన్నుల చుట్టూ పచ్చగా చిలుము. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన పళ్ళసందుల బ్రష్షుతో ఒక్కో రంధ్రం తోమి, వదులైన కాంటాక్టులను సూదితో కాస్త దగ్గరికి నొక్కాక గరగర పోయింది. వాల్వు అదే. రెండు ఈసీసీ83లనీ అటూ ఇటూ మార్చి చూడండి. శబ్దం మారకుండా అక్కడే ఉంటే తప్పు వాల్వుది కాదు. బేసు శుభ్రంగా ఉండీ గరగర వస్తుంటే ప్లేటు దగ్గరి పాత కార్బన్ రెసిస్టరునూ, కప్లింగ్ కెపాసిటరునూ (ఒక స్టేజి నుంచి తర్వాతిదానికి సిగ్నల్ అందించేది) అనుమానించండి. సెట్టు ఆపి ప్లగ్గు పీకేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో 250, 300 వోల్టులు నిలిచి ఉంటాయి. రెసిస్టరు పెట్టి ఖాళీ చేసి, మీటరుతో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి.

ఈఎఫ్86 బాగానే ఉందన్నారు కాబట్టి దాని జోలికి పోకండి. ఎప్పుడైనా కావాల్సివస్తే 6267, జెడ్729 దానికి వేరే పేర్లు, రష్యా 6జె32పి కూడా నేరుగా కూర్చుంటుంది. రేడియోల్లోని ఈఎఫ్89 ఇస్తామంటారు, దాని పిన్నుల వరసే వేరు.

కొత్త వాల్వు పెట్టాక ఫిలమెంటు వోల్టేజి కొలవండి. 6.3కి పది శాతం అటూ ఇటూ ఉంటే పరవాలేదు. ట్రాన్స్‌ఫార్మర్ 220 ట్యాప్ (మెయిన్స్ వైరు కలిపే కొస) మీద ఉండి, మీ ఇంట్లో కరెంటు 240 దాటుతుంటే పై ట్యాప్‌కి మార్చండి. బేసు అడుగు భాగం ఫొటో తీసి ఇక్కడ పెడితే 4, 5, 9 వైరింగ్ చూసి చెబుతాను.