కొత్త కంప్యూటర్‌లో ర్యామ్ వేగం తక్కువగా చూపిస్తోందా?

ప్రశ్న: విజయనగరంలో అసెంబుల్ చేసి సిద్ధంగా ఉంచిన కంప్యూటర్ కొన్నాను. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, రెండు 8 జీబీ డీడీఆర్4 ర్యామ్‌లు ఉన్నాయి, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ర్యామ్‌పై 3200 అని ఉంటే టాస్క్ మేనేజర్‌లో 2133 అని కనిపిస్తోంది. నాసిరకం ర్యామ్ అంటగట్టారా? బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మదర్‌బోర్డులో ముందుగా నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) జోలికి వెళ్లవద్దని దుకాణదారు చెబుతున్నారు. – ఒక పాఠకుడు, గరివిడి

జవాబు: ఇందులో మోసం ఉండకపోవచ్చు. ఏ కంపెనీ ర్యామ్ పెట్టినా కంప్యూటర్ ఆన్ కావాలన్న ఉద్దేశంతో మదర్‌బోర్డు తయారీదారులు బయోస్‌ను భద్రమైన సెట్టింగులతో పంపుతారు. మీ ర్యామ్‌పై రాసిన 3200 అనేది ఎక్స్‌ఎంపీ అనే ప్రొఫైల్‌లో (తయారీదారు ర్యామ్‌లోనే రాసిపెట్టే సెట్టింగులు) నమోదై ఉండే వేగం. దాన్ని ఎవరైనా ఎంచుకునే వరకు బోర్డు 2133 వంటి ప్రామాణిక వేగంతోనే నడుపుతుంది. అమ్మే ముందు ఆ ఒక్క మార్పు చేసి ఇవ్వడం దుకాణం బాధ్యతేనని నా అభిప్రాయం.

మీ విషయంలో ఈ తేడా చిన్నది కాదు. 5600జీలోని గ్రాఫిక్స్‌కు సొంత మెమొరీ ఉండదు, అది మీ ర్యామ్‌నే వాడుకుంటుంది. 2133 వద్ద ఒక్కో చానల్‌లో (ర్యామ్‌కు, ప్రాసెసర్‌కు మధ్య డేటా నడిచే దారి) సెకనుకు సుమారు 17 జీబీ డేటా కదిలితే 3200 వద్ద 25.6 జీబీ కదులుతుంది కాబట్టి, ఆటల్లో మార్పు స్పష్టంగా తెలుస్తుంది. టైపింగ్, బ్రౌజింగ్ వంటి పనుల్లో మాత్రం పెద్దగా తెలియదు. పైగా ఈ ప్రాసెసర్‌కు ఏఎండీ అధికారికంగా ప్రకటించిన ర్యామ్ వేగం కూడా 3200 వరకు ఉంది కనుక మీరు హద్దు దాటడం లేదు.

కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ లేదా ఎఫ్2 కీని నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లి, ముందుగా ఉన్న తెరలను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఎక్స్‌ఎంపీని కొన్ని బోర్డుల్లో డీఓసీపీ అని, మరికొన్నింటిలో ఏ-ఎక్స్‌ఎంపీ అని రాస్తారు. దాన్ని ఎంచుకుని ఎఫ్10తో సేవ్ చేయండి. తర్వాత తెర కాసేపు నల్లగా ఉండిపోవచ్చు. బోర్డు ర్యామ్‌ను సరిచూసుకుంటోందని గ్రహించి, కంగారుపడి స్విచ్ ఆపకండి. ఎంతకీ ఆన్ కాకపోతే మదర్‌బోర్డు పుస్తకంలో చెప్పినట్లు సీమాస్ క్లియర్ చేస్తే, అంటే బయోస్‌లో సేవ్ అయిన సెట్టింగులను చెరిపేస్తే పాత స్థితికి వస్తుంది. వోల్టేజీలను, స్టోరేజ్ మోడ్‌ను, సెక్యూర్ బూట్‌ను మాత్రం ముట్టుకోవద్దు. స్టోరేజ్ మోడ్ మారితే విండోస్ తెరుచుకోకపోవచ్చు, సెక్యూర్ బూట్ మారితే డిస్క్‌లోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ అడగవచ్చు.

ప్రశ్న: జీడిపప్పు దుకాణంలో సీసీ కెమెరాల రికార్డింగ్ కొత్త కంప్యూటర్‌లోనే జరుగుతోంది. కరెంటు పోయి వచ్చాక అది దానంతటదే ఆన్ కావడం లేదు. – ఒక పాఠకుడు, పలాస

జవాబు: కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే సదుపాయం చాలా బోర్డుల్లో మొదటి నుంచీ ఆఫ్‌లోనే ఉంటుంది. బయోస్‌లోని పవర్ విభాగంలో ‘రీస్టోర్ ఏసీ పవర్ లాస్’ లేదా ‘ఏసీ బ్యాక్’ అన్న పేరుతో ఉండే సెట్టింగును ‘పవర్ ఆన్’ లేదా ‘ఆల్వేస్ ఆన్’కు మార్చండి. పక్కనే విద్యుత్ ఆదా కోసం ఉండే ఈఆర్‌పీ అనే ఎంపిక ఆన్‌లో ఉంటే కొన్ని బోర్డుల్లో ఇది పనిచేయదు, దాన్ని ఆపేయండి. తరచూ కరెంటు పోయే చోట యూపీఎస్ కూడా పెట్టుకోండి. అది లేకుండా బయోస్ అప్‌డేట్ మాత్రం అసలు చేయవద్దు, మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది.