సెల్లర్ పత్తా లేకపోతే సైట్ మీద కేసు వెయ్యొచ్చా? వెయ్యొచ్చు, మేం వేశాం

ఆన్‌లైన్ షాపింగ్ సైట్‌లో మీరు కొన్న ఛార్జర్ పేలి పరుపు కాలిపోతే సైట్ వాళ్ళు 'మేం మధ్యవర్తులం మాత్రమే, సెల్లర్‌నే అడగండి' అన్నారని రాశారు కదండీ. ఖమ్మంలో మా అమ్మ వాడే, అలాగే ఆన్‌లైన్‌లో కొన్న కుక్కర్ మూత ఎగిరిపడి చెయ్యి కాలినప్పుడు మాకూ అచ్చం ఇదే చెప్పారు. మేం సైట్‌నీ సెల్లర్‌నీ ఇద్దర్నీ చేర్చి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాం, ఆర్డర్ ఇద్దరి మీదా వచ్చింది.

ముందు ఒక్కటి, రీఫండ్ ఇస్తాం వస్తువు పికప్ చేసుకుంటాం అంటే ఇచ్చెయ్యకండి. ఆ కాలిన ఛార్జరే మీ సాక్ష్యం, అది పోతే ఫోటోలు తప్ప ఏం మిగలదు. మేం కుక్కర్, మూత, గాస్కెట్, అది వచ్చిన డబ్బా, బిల్లు, ఆస్పత్రి చీటీలు అన్నీ దాచాం.

ఇక చట్టం సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఎలక్ట్రానిక్ సర్వీస్ ప్రొవైడర్ల లెక్కలోకి ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌ని పేరు పెట్టి మరీ తెచ్చింది, పైగా ప్రొడక్ట్ సెల్లర్ అంటే బిల్లు మీద పేరున్నవాడు ఒక్కడే కాదు, ప్యాక్ చేసేవాళ్ళు, పంపిణీ చేసేవాళ్ళు, మార్కెటింగ్ చేసేవాళ్ళు కూడా వస్తారు. మా కుక్కర్ సైట్ వాళ్ళ గోడౌన్ నుంచి వాళ్ళ డబ్బాలోనే వచ్చింది, అదే గట్టిగా చెప్పాం. అదే చట్టంలో సెక్షన్ 86 ఇంకా ముఖ్యం, తయారుచేసింది ఎవరో తెలియకపోయినా, తెలిసి కూడా నోటీసు అందించే దారి లేకపోయినా అమ్మినవాళ్ళే బాధ్యులు. మా కుక్కర్ మీద ఏదో బ్రాండ్ పేరు ఉంది కానీ అడ్రస్ లేదు. సైట్‌లో ఉన్న సెల్లర్ అడ్రస్‌కి నోటీసు పంపితే ఆ పేరుతో ఎవరూ లేరని తిరిగొచ్చింది, ఆ కవర్ విప్పకుండా అలాగే కమిషన్ ముందు పెట్టాం, మొత్తం కేసులో బాగా పనికొచ్చిన కాగితం అదే.

సైట్ వాళ్ళ లాయర్ ఐటీ చట్టం సెక్షన్ 79 ఎత్తుకున్నాడు, అంటే వేరేవాళ్ళు సైట్‌లో పెట్టినదానికి మధ్యవర్తి బాధ్యుడు కాదనే రక్షణ. ఆ రక్షణ ఊరికే రాదండీ, తగిన జాగ్రత్త తీసుకున్నవాళ్ళకే. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, నాణ్యతా ప్రమాణాలకి సరిపోని కుక్కర్లు అమ్మనిచ్చినందుకు అమెజాన్‌కి లక్ష రూపాయల జరిమానా వేసి, అమ్ముడైన 2,265 కుక్కర్లూ వెనక్కి తీసుకుని డబ్బులివ్వమంది. అమ్మకం మీద ఫీజు తీసుకుంటూ మాకు సంబంధం లేదంటే కుదరదనే వాదన అక్కడ నిలబడింది. ఇంట్లో మనిషి చెయ్యి కాలాక 'మేం ప్లాట్‌ఫామ్ మాత్రమే' అనే మాట వింటే ఎంత మండుతుందో పడినవాళ్ళకే తెలుస్తుంది.

మీరు ఇప్పుడు చెయ్యాల్సింది, సెల్లర్ పూర్తి వివరాలు ఇవ్వమని సైట్‌కి రాతపూర్వకంగా అడగండి, కొన్నవాళ్ళు అడిగితే ఇవ్వాలని 2020 ఈ-కామర్స్ రూల్స్‌లో ఉంది, వాళ్ళ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) మీ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఈలోపు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకోండి. ఇంకో మెలిక ఉంది, ప్రొడక్ట్ లయబిలిటీ (లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం ఇచ్చే బాధ్యత) కింద వచ్చేది పరుపుకీ, దెబ్బలకీ, మానసిక వేదనకీ జరిగిన నష్టమే, ఛార్జర్ ధర అందులోకి రాదు, కాబట్టి దాన్ని లోపమున్న వస్తువు కింద అదే ఫిర్యాదులో విడిగా అడగండి. కేసు మీరుండే జిల్లాలోనే వెయ్యొచ్చు, కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఘటన జరిగిన రెండేళ్ళలోపు వెయ్యాలి.